పాలు తాగే పిల్ల

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. త్రిపురారంలో అన్న నీకు సంవత్సరీకం పెడుతుంటే, నేను సూర్యాపేట బడిలో పదో తరగతి జీవశాస్త్రం పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. సెలవడిగితే మధ్యాహ్నంలోగా మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలన్నారు.

ప్రశ్నలు నేను రాసినవే. 'కింది వాటిలో నెమరు వేసేది ఏది?' గుర్రం, పంది, కుక్క, గొర్రెపిల్ల. గొర్రె అని రాస్తే సరిపోయేది. ముద్దుకు పిల్లను తగిలించాను. నువ్వు మందనమ్మి చదివించిన చదువు ఇదీ.

అందరూ గొర్రెపిల్లకే టిక్కు పెట్టారు. శ్రావణి ఒక్కతే దేనికీ పెట్టకుండా, పక్కన "పాలు తాగే పిల్ల నెమరెయ్యదు మేడం" అని రాసింది. ఆ ప్రశ్నకు సున్నా వేసి మార్కులు ఎక్కించేశాను.

సాయంత్రం పేపర్లు పంచాక ఆ పిల్ల లేచి నిలబడింది.

"గడ్డి పట్టేదాక అది నెమరెయ్యదు మేడం. మా తాత సెప్పిండు."

నాకు ఏడేళ్లప్పుడు, ముందురోజే పుట్టిన గొర్రెపిల్ల నోట్లో నేను గడ్డి కుక్కుతుంటే నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. "దానికి ఇంక నెమరు రాలే బిడ్డా, పాలే తాగనియ్యి" అన్నావు. అది గుర్తుకొచ్చాక కూడా, మార్కులు ఎక్కించడం అయిపోయింది కూర్చోమన్నాను.

శ్రావణి కూర్చోలేదు.

"మీది గూడ గొర్లు కాసే ఇల్లే అంట గద మేడం. మీ నాయిన సెప్పలేదా?"

క్లాసంతా నా మొహం చూస్తోంది.

చెప్పలేదన్నాను.