రెండు చుక్కల మగ్గం నూనె

8-6-2004, మంగళవారం

అన్న ఎర్ర బటన్ నొక్కలేదని సుబ్రమణ్యం నగరి అంతా చెప్పుకుంటున్నాడు. నొక్కివుంటే కరెంటు మగ్గం ఆగేదంట. నిద్రమత్తులో చెయ్యి పెట్టాడంట. మగ్గం అతనిది, షెడ్డు అతనిది. పోయిన నాలుగు వేళ్లు మా హేమచంద్రన్నవి.

తప్పు అన్నదేనని రాసిన కాగితం పంతొమ్మిదో తేదీ శనివారం తెస్తాడంట. అన్న వేలిముద్ర వెయ్యాలంట. కుడిచేతికి బొటనవేలు మిగిలింది కదా, దాంతో.

10-6, గురువారం

అటక మీది టీవీ గేమ్ దించాను. తొంభై మూడులో నాయన మద్రాసు నుంచి తెచ్చింది. కంట్రోలర్ పట్టుకుని ఎడమచేత్తో బొమ్మను నడిపించి కుడి బొటనవేలితో ఎగిరించాలి. అన్నకు సరిపోతుంది, రెండు నెలలుగా గోడవైపే తిరిగి పడుకుంటున్నాడు.

ఎగిరే బటన్ పనిచెయ్యలేదు. గుంత వస్తే బొమ్మ పడి చస్తుంది. అన్న పదిసార్లు నొక్కి నా మొహం చూశాడు.

"నేను నొక్కతా ఉండానా లేదా? సరిగ్గా సూసి సెప్పురా."

11-6

నేనూ అన్నా పనిచేసే షెడ్డులో ఏది బిగుసుకున్నా మాకు తెలిసిన వైద్యం ఒకటే. మగ్గం నూనె రెండు చుక్కలు బటన్ సందులో పోశాను. బొమ్మ ఒక్కసారి ఎగిరింది. అన్న నవ్వాడు. తర్వాత అదీ లేదు.

13-6, ఆదివారం

కంట్రోలర్ విప్పాను. నాకెవరూ నేర్పలేదు, చెడిపోయిన రేడియోలే నేర్పాయి. బటన్ కింద రబ్బరు, దాని అడుగున నల్లచుక్క. ఆ చుక్క బోర్డును తాకితేనే బొమ్మ ఎగిరేది. నూనెకు రబ్బరు ఉబ్బింది. నలుపంతా వేలికి అంటుకుని వచ్చేసింది. స్పిరిట్‌తో తుడిచాను. కరెంటు పారుతుందని పెన్సిల్ రుద్దాను. సిగరెట్ పెట్టె రేకు కత్తిరించి అంటించాను. నిలవలేదు. నేనే చంపాను దాన్ని.

14-6

మగ్గం స్టార్టర్‌లో, ఆ ఎర్ర బటన్ ఉండే పెట్టెలో, నూనె పోసింది కూడా నేనే.

15-6, మంగళవారం

మార్చిలో ఎర్ర బటన్ బిగుసుకుంటోందని, కొత్తది వెయ్యమని సుబ్రమణ్యానికి చెప్పాను. నూనె బుడ్డి చేతిలో పెట్టి రెండు చుక్కలు చాలన్నాడు. పోశాను. నూనెకు నూలు నుసి పట్టి లోపల ముద్దకట్టి ఉంటుంది. ఏప్రిల్‌లో అన్న నొక్కాడు, మగ్గం ఆగలేదు. నేను నాలుగు మగ్గాల అవతలే ఉన్నాను. ఇన్నాళ్లూ ఆ నూనె గుర్తే రాలేదు. రానివ్వలేదేమో.

ఈరోజు స్టార్టర్ విప్పుదాం రమ్మని సుబ్రమణ్యాన్ని అడిగాను. అన్న ఆస్పత్రిలో ఉండగానే మార్చేశాడంట. పాతది పాత ఇనుములో పోయిందంట. నవ్వుతూనే అన్నాడు:

"పోసింది నీ చెయ్యే గదబ్బా. సెప్పుకో పో."

ఇంటికొస్తే ఆ చచ్చిన కంట్రోలర్ పట్టుకుని అన్న కూర్చున్నాడు. ఆ రోజు కూడా నొక్కలేదేమోలే, వేలిముద్ర వేసేస్తానన్నాడు. నూనె మాట ఎత్తకుండానే అన్నం తిని పడుకున్నాను.

17-6, గురువారం. షెడ్డు తలుపుకు అంటించిన చీటీ నకలు

సుబ్రమణ్యం, పొయ్యమన్నది నువ్వు. పోసింది నేను. అన్న నొక్కాడు. ఈ మూడు మాటలూ మా ఇంటికొచ్చి అన్న ముందు చెప్పు. రేపు సాయంత్రం మగ్గాలు ఆపేలోపల.