కొసరు అడగరాదు

ఆళ్లగడ్డ, 1-1-1958, బుధవారం

ఉదయం 11 గంటలు. మిషను గుడిలో ఆరాధన ముగిసి ఇంటికి వచ్చాను. కొత్త సంవత్సరం సాక్ష్యాలు చెప్పే సమయంలో నేను లేచి నిలబడి ఒక తీర్మానం చెప్పాను. ఈ రోజు నుంచి మా ఇంటికి ఉప్పు మొదలు సబ్బు దాకా ఏది కావాలన్నా ఊళ్లో కొత్తగా తెరిచిన సహకార స్టోర్సులోనే కొంటాము. రంగనాయకమ్మ అంగడి గడప తొక్కము.

గడప తొక్కము అన్న మాట తర్వాత ఆలోచిస్తే సరిగా లేదు. ఆ గడప మేము ఎన్నడూ తొక్కలేదు. మా వాళ్లు మెట్టు కిందే నిలబడాలి. బడిలో చదువు చెప్పే అయివారినైనా నాకూ అదే మెట్టు. సరుకు పై నుంచి మన సంచిలో వేస్తారు.

స్టోర్సులో ఎవరైనా లోపలికి పోవచ్చు. బల్లల మీద పొట్లాలు వరసగా పెట్టి ఉంటాయి. మన చేత్తో మనమే తీసుకొని వాకిలి దగ్గర దుడ్లిచ్చి రావడమే. అక్కడ అమ్మేవాడు నా భార్య లూదియా తమ్ముడు యోబు. రెండేళ్లు నంద్యాలలో పత్తి మిల్లులో పని చేసి దగ్గు తెచ్చుకున్నాడు. మార్చి 31 లోపల సరుకు చాలినంత కదలకపోతే స్టోర్సు మూసేస్తామని పైవాళ్లు చెప్పారు. మూస్తే యోబు మళ్లీ మిల్లుకే పోవాలి.

నాకంటే ముందు లేచినవాడు బీడీలు మానేస్తానన్నాడు. నాది దానికంటే సులభం.

3 జనవరి

సాయంత్రం 5.30. స్టోర్సుకు మొదటిసారి వెళ్లాను.

నచ్చినవి: లోపలికి పోవడం. పై నుంచి ఎవరూ వేయకపోవడం. బేరం లేకపోవడం. యోబు వేసుకున్న తెల్ల చొక్కా.

నచ్చనివి: ఏమీ లేవు.

కొనవలసింది ఉప్పు ఒక్కటే. అయినా లోపల రెండుసార్లు తిరిగి వచ్చాను.

7 జనవరి

యోబు ఒక బోర్డు రాసివ్వమన్నాడు. నా చేతిరాత బాగుంటుందని వాడి నమ్మకం. బడిలో పక్కన పడేసిన నల్లబల్ల తెచ్చి తెల్ల రంగుతో నాలుగు వరసలు రాశాను.

ముట్టరాదు.
విప్పరాదు.
నోట వేసుకోరాదు.
కొసరు అడగరాదు.

వరసలు ఎక్కడా వంకర పోలేదు. యోబు దాన్ని వాకిలికి ఎదురుగా తగిలించాడు. స్టోర్సుకు ఒక నిండుదనం వచ్చింది.

12 జనవరి

బోర్డు పని చేయడం లేదు.

మా వైపు కందిబేడలు కొనాలంటే నాలుగు గింజలు అరచేతిలో పోసుకొని, ఊది, ఒకటి కొరికి చూస్తారు. కటుక్కుమంటే ఎండినవి. అప్పుడే సంచి తెరుస్తారు. పొట్లం కట్టి పెడితే లోపల ఏముందో వాళ్లకు నమ్మకం లేదు. దొర్నిపాడు నుంచి మద్దిలేటి అనే రైతు వచ్చి ఏడు పొట్లాలు విప్పి ఏడింటిలోనూ ఒక్కొక్క గింజ కొరికాడు. ఒక్కటీ కొనలేదు. యోబు బోర్డు చూపించాడు.

"చదువు రాదప్పా నాకు. పండ్లయితే ఉండాయి" అని వెళ్లిపోయాడు.

విప్పిన ఏడు పొట్లాలు యోబూ నేనూ కలిసి మళ్లీ కట్టాము. ఇలాంటి వాళ్లకు అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది.

19 జనవరి

లూదియా నాలుగు గంటలకు పప్పు వండడానికి స్టోర్సు బేడలు పొయ్యి మీద పెట్టింది. ఏడు గంటలకు చూస్తే ఉడకలేదు. ఎనిమిదికీ ఉడకలేదు. పాత సరుకు. ఒక గింజ కొరికి చూసి ఉంటే అక్కడే తెలిసేది.

లూదియా తమ్ముణ్ణి ఏమీ అనలేదు. నా వైపు చూసింది. బోర్డు రాసింది నేనని ఆమెకు తెలుసు.

చారుతో తిన్నాము.

26 జనవరి

బడిలో జెండా ఎగరేశాము. పిల్లలకు పంచడానికి వేయించిన పప్పులు, బెల్లం స్టోర్సులోనే కొన్నాను. ఏటా ఎంత తెస్తానో అంతే తెచ్చాను. యోబు తూకం వెంట్రుకంత తేడా లేకుండా ఉంటుంది.

చివరి వరసలో తొమ్మిది మందికి అందలేదు.

ఇన్నేళ్లూ ఆ చివరి వరసకు సరిపోయింది రంగనాయకమ్మ వేసే కొసరు వల్ల అని ఈ రోజు తెలిసింది. ఆ తొమ్మిది మందికి రేపు ఇస్తానని చెప్పాను. నమ్మినట్టు లేరు.

నచ్చనివి: ఒకటి.

2 ఫిబ్రవరి, ఆదివారం

స్టోర్సులో చింతపండు అయిపోయింది. నా తీర్మానం స్టోర్సులో దొరికే సరుకుల గురించి కదా. పైగా గుడిలో నేను చెప్పింది రంగనాయకమ్మ అంగడి గురించే. నంద్యాల అంగళ్ల గురించి నేనేమీ అనలేదు. మధ్యాహ్నం బస్సు ఎక్కాను.

నంద్యాల బజారులో నన్ను ఎవరూ ఎరగరు. ఏ మెట్టు మీద నిలబడినా అడగరు. మూడు అంగళ్లలో బెల్లం నోట్లో వేసుకొని చూశాను. రెండు అంగళ్లలో చింతపండు పిసికి చూశాను. కొన్నచోట ఒక పిడికెడు కొసరు వేశారు. నేను అడిగాను.

తిరుగు బస్సులో శిరివెళ్ల దగ్గర సంఘం పెద్ద బాలస్వామి గారు ఎక్కి నా పక్కనే కూర్చున్నారు. గుడిలో నా సాక్ష్యానికి అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆయనే. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తర్వాత నా బుట్ట మీది తువ్వాల కొంచెం ఎత్తి చూశారు.

"నంద్యాలలో గూడా స్టోర్సు పెట్టినారా అయివారా?"

ఇంకా పెట్టలేదని చెప్పాను.

10 ఫిబ్రవరి

రొట్టెలు మెత్తగా ఉన్నాయి. నెల రోజులుగా ఇంత మంచి రొట్టె తినలేదు. యోబు దగ్గరికి కొత్త జొన్నలు వచ్చాయా అని లూదియాను అడిగాను. "తిను" అంది.

చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోతే చెత్తలో అరటి నార కనిపించింది. యోబు పొట్లాలు నీలం దారంతో కడతాడు. ఊళ్లో అరటి నారతో కట్టేది రంగనాయకమ్మ ఒక్కతే.

నారను పొయ్యిలో వేశాను.

15 ఫిబ్రవరి

సాయంత్రం 6 గంటలు. జీలకర్ర కోసం వెళ్లాను. స్టోర్సులో జీలకర్ర ఉంది. అయితే పొట్లం పెద్దది. మాకు కావలసింది చిటికెడు.

ఎండ లేదు, వాన లేదు. అయినా గొడుగు వేసుకొని పోయాను.

రంగనాయకమ్మ త్రాసు ముందు పీట మీద కూర్చొని ఉంది. భర్త పోయి ఇరవై ఏళ్లుగా ఆ అంగడి ఆమె ఒక్కతే నడుపుతోంది. గొడుగు చూసి గుర్తుపట్టింది. ఆరు వారాలుగా ఎందుకు కనపడలేదని, ఒంట్లో బాగుందా అని అడిగింది. బాగుందని చెప్పాను. జీలకర్ర పై నుంచి నా తువ్వాల్లో వేసింది. తర్వాత బెల్లం ముక్క ఒకటి వేసింది. మెట్టు కింద నిలబడే తిన్నాను.

"మీ బామ్మర్ది చెడ్డోడేం గాదు అయివారా. కొసరెయ్యడు, అంతే. సరిగ్గా తూచి పెడితే ఎవురికైనా రోంత తక్కువ ఇచ్చినట్టే ఉంటాది."

నోట్లో బెల్లం ఉంది.

"లూదియా నిన్ననే వచ్చిపోయె" అని కూడా చెప్పింది.

బెల్లం బాగుంది. రాయకూడదనుకున్నాను గానీ, బాగుంది.

20 ఫిబ్రవరి

కొసరు సంగతి యోబుతో మాట్లాడాను. ఎక్కడ విన్నానో చెప్పలేదు. జనానికి తూకం కాదు, తూకం తర్వాత పడే పిడికెడు కావాలని చెప్పాను. వాడు ఒక పొట్లానికి నీలం దారం చుడుతూ గోడ వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"రాసినోడివి నువ్వే గదా బావా."

తర్వాత చాలాసేపు దగ్గాడు. నేనున్న గంటలో వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకడు నీళ్లడిగాడు. ఇంకొకడు అవుకు పోయే బస్సు ఎప్పుడని అడిగాడు.

మార్చి 31కి ముప్పై తొమ్మిది రోజులు ఉన్నాయి.

8 మార్చి

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇప్పుడు రంగనాయకమ్మ అంగడి నుంచి తెచ్చేవి:

స్టోర్సులో లేనివి.
స్టోర్సులో ఉన్నా బాగాలేనివి.
స్టోర్సులో ఉండి, బాగున్నా, కొసరు రానివి.

తీర్మానం పూర్తిగా పోకూడదని వారానికి రెండుసార్లు స్టోర్సులో ఉప్పు కొంటున్నాను. అది చెడిపోయే సరుకు కాదు. ఇంట్లో పదకొండు పొట్లాలు ఉన్నాయి. వాటిని మంచం కింద పెట్టమని లూదియాకు చెప్పాను. అక్కడ ఆమె కొన్న ఉప్పు ముందే ఉంది.

14 మార్చి, శుక్రవారం

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి.

సాయంత్రం 5.10. నేను స్టోర్సు లోపల పన్నెండో ఉప్పు పొట్లం తీసుకుంటున్నాను. వాకిట్లో రంగనాయకమ్మ నిలబడి ఉంది. తన అంగడిలో చక్కెర నిండుకుందట. నంద్యాల నుంచి సరుకు రావడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుంది. ఊళ్లో ఇంకెక్కడా చక్కెర లేదు.

మెట్టు కిందే నిలబడింది. అందరూ తొక్కే చోటికి ఆమె రాదు.

యోబు రెండు సేర్ల పొట్లం తీసుకొని గడప దాకా పోయి ఆగిపోయాడు. చేతికి ఇవ్వకూడదు. బల్ల మీది నుంచి తీసుకో అనకూడదు. ఎలా ఇవ్వాలో వాడికి తెలియలేదు. నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా అలాగే తీసుకుంటున్నాను. పొట్లం వాడి చేతిలోంచి తీసుకొని విప్పి పై నుంచి ఆమె సంచిలో పోశాను. కొంచెం కింద పడింది. ఆమె వేసేటప్పుడు ఒక్క గింజ కూడా పడదు. దానికీ అలవాటు కావాలి.

ఆమె దుడ్లు గడప మీద పెట్టింది. కదలలేదు. సంచి నోరు తెరిచే పట్టుకొని ఉంది.

"కొసరు?" అంది.

యోబు బోర్డు చూశాడు. బజారులో పోయేవాళ్లు కొందరు ఆగారు. నేను ఇంకొక పొట్లం చింపి ఒక పిడికెడు వేశాను. ఈసారి కింద పడలేదు. ఆమె నాలుగు గింజలు నోట్లో వేసుకొని చూసి, "ఊ" అని వెళ్లిపోయింది.



17 మార్చి

యోబు బోర్డును గోడ వైపు తిప్పి పెట్టాడు. పొద్దున స్టోర్సు ముందు పదహారు మంది ఉన్నారు. అందరి సంచుల నోళ్లూ తెరిచే ఉన్నాయి.

23 మార్చి

మద్దిలేటి దొర్నిపాడు నుంచి బండి కట్టుకొని వచ్చాడు. బండిలో ఆడవాళ్లు నలుగురు. అందరూ బేడలు కొరికారు. అందరూ కొన్నారు. మద్దిలేటి రెండుసార్లు కొసరు వేయించుకొని, మూడోసారి అడిగితే యోబు తిట్టాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

యోబు పిడికిలి పెద్దది. ఇప్పుడే గమనించాను.

తొమ్మిది రోజులుగా మా ఇంట్లోకి అన్నీ స్టోర్సు నుంచే వస్తున్నాయి. నేనూ కొసరు అడుగుతున్నాను. బామ్మర్ది కాబట్టి కొంచెం ఎక్కువే వేస్తాడు.

నచ్చనివి: ఏమీ లేవు.

31 మార్చి, సోమవారం

ఉదయం 10. నంద్యాల నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. యోబు తోడు ఉండమంటే బడికి సెలవు పెట్టి వెళ్లాను. వాడు తెల్ల చొక్కా వేసుకున్నాడు. దగ్గు ఆపుకోవడానికి మూడుసార్లు నీళ్లు తాగాడు.

సరుకు చాలినంత కదిలిందని ఇన్‌స్పెక్టరు అన్నాడు. యోబు కూర్చున్నాడు.

తర్వాత మిగిలిన సరుకు తూచారు. బేడలు పద్నాలుగు సేర్లు తక్కువ. చక్కెర ఆరు సేర్లు. పప్పులు ఎన్నో నేను వినదలచుకోలేదు. యోబు మళ్లీ లేచి నిలబడ్డాడు. ఎక్కడికి పోయాయని అడిగితే వాడికి అబద్ధం రాలేదు.

"కొసరు సార్."

కాగితంలో కొసరుకు గడి లేదని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. కాగితం మేమూ చూశాము. నిజంగానే లేదు. ఆయన కలం మూత పెట్టాడు. మూడు నెలలూ కళ్ల ముందు తిరిగాయి. మళ్లీ మూత తీసి, ఇక్కడ ఎలుకలు ఉన్నాయా అని అడిగాడు.

ఉన్నాయని నేను చెప్పాను. ఎన్ని అని అడిగాడు.

"ఊరంతా సార్" అన్నాడు యోబు.

ఇన్‌స్పెక్టరు ఎలుకలు అని రాశాడు. స్టోర్సుకు ఇంకో మూడు నెలలు గడువు ఇచ్చాడు. ఆలోపల ఎలుకలు తగ్గాలని, తగ్గకపోతే తాను చేయగలిగింది లేదని గట్టిగా చెప్పాడు.

పోయే ముందు ఇంటికని ఒక సేరు బేడలు కొన్నాడు. పొట్లం విప్పి ఒక గింజ కొరికి చూశాడు. సంచిలో పోసుకున్నాడు. దుడ్లిచ్చాడు. అయినా పోలేదు. సంచి నోరు తెరిచి పట్టుకొని నిలబడ్డాడు.

యోబు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. యోబు వేశాడు.

1 ఏప్రిల్, మంగళవారం

ఉదయం 6 గంటలు. కొత్త తీర్మానం. జూన్ 30 వరకు స్టోర్సులో కొసరు అడగను. ఎలుకలలో కనీసం ఒకటైనా తగ్గాలి. వచ్చే ఆదివారం ఈస్టరు. గుడిలో లేచి నిలబడి అందరి ముందు చెబుతాను.

7.15. స్టోర్సుకు వెళ్లి అర్ధసేరు పప్పులు కొన్నాను. కొసరు అడగలేదు. సంచి మూయడం మరిచిపోయాను. యోబు వేశాడు.

అడగలేదు కాబట్టి తీర్మానం ఉన్నట్టే.