పిక్క మీది వేళ్ల గుంటలు

బాన్సువాడ,
కాలువ వెనక గది.

చెల్లె సుశీలకు పెద్దక్క దేవమ్మ దీవెనలు. దీపం పెట్టి, మీ అందరి పేర్లూ తలచుకున్నాకే ఈ కాగితం ముందు కూర్చున్నాను. మరిది మోకాలు ఎలా ఉంది? మేం బాగున్నాం. నీ బిడ్డ సావిత్రి కూడా లేచి తిరుగుతోంది. ముందే చెబుతున్నాను, భయపడకు.

రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే పని నాకూ, సావిత్రి పెనిమిటికీ అలవాటైంది. నిజాంసాగర్ నీళ్లు వదిలారు. తెల్లారేసరికి గోడలన్నీ చెమ్మ. జొన్నరొట్టె ఊసే లేదు, రెండు పూటలా అన్నమే. మన గూడెం మనిషి ఒక్కరూ కనబడరు.

ఇక అసలు సంగతి. మనల్ని కన్న అవ్వ పోయాక, ఏ రూపంలో తిరిగొస్తుందో చూద్దామని నువ్వు గంప కింద పిండి పరిచావు. తెల్లారి చూస్తే అందులో పసిబిడ్డ పాదంలాంటి గుర్తు పడింది. అవ్వ మళ్లీ సావిత్రి కడుపున పుడుతుందని గూడెమంతా తేల్చేసింది. సావిత్రికేమో చిన్నప్పటి నుంచి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. కాన్పంటే వణుకు. మనకు చెప్పలేక, పక్కింటామె వాడే పిల్లలు పుట్టకుండా ఉండే గోలీలే మందుల షాపులో తనూ కొనుక్కుంది. తన జబ్బు సంగతి అక్కడ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఎడమ పిక్క ఉబ్బింది. గోలీల మాట అప్పుడే బయటపడింది. ఫోన్‌లో నువ్వేమన్నావో గుర్తుందా? "పిల్ల అవ్వ వచ్చే దారి మూసింది గదక్కా, అవ్వనే కాలు పట్టుకున్నది."

మరునాడు తెల్లారాక చూశాను. వాచిన పిక్క మీద నాలుగు గుంటలు, వేళ్లతో నొక్కినట్టు వరుసగా. నా చేయి ఆనించాను. సరిపోలేదు, అంత చిన్నవి. దేవుణ్ణి తలుచుకుని, అల్లుణ్ణి వెంటబెట్టుకుని పిల్లను ఆటో ఎక్కించాను.

దవాఖానలో డాక్టరమ్మ బొటనవేలితో నొక్కితే అక్కడా గుంట నిలిచింది. "వాపుంటే గిట్లనే పడ్తదమ్మా" అంది. పరీక్ష చేసి, కాలి రక్తనాళంలో గడ్డ కట్టిందని చేర్చుకున్నారు.

"సికిల్ ఉన్నోళ్లకు గీ రెండు హార్మోన్లు కలిసిన గోలీ వద్దు, గడ్డ కట్టే ముప్పు పెరుగుతది. ఒక్క హార్మోనే ఉండే సూది అసుంటివి ఉన్నయి, సికిల్ ఉన్నా మామూలుగైతే నడుస్తయి. ఇప్పుడు గడ్డ ఉన్నది గాబట్టి తగ్గినంక చూసి చెప్త. కడుపైతే మాత్రం గోలీ కన్నా పెద్ద గండం. అప్పటిదాంక జాగ్రత్త నీదేనయ్యా" అనేసరికి అల్లుడు తల వంచేశాడు. "సిగ్గు ఇంటికి పోయినంక పడు, ముందుగాల మాట ఇను" అని నవ్వింది. మేం వస్తుంటే గట్టిగా చెప్పింది: "కాలు పిసకొద్దు. గడ్డ కదిలితే పానం మీదికొస్తది."

ఇంటికొచ్చాక కూడా తెల్లారేసరికి ఆ గుంటలు పడుతూనే ఉన్నాయి.

"పెద్దమ్మా, అమ్మమ్మకు నా మీద కోపమా?" అంది సావిత్రి.

"కోపమేందే పిచ్చిదానా! నీకు నొప్పులొస్తే కూసోని కాళ్లు పిసికింది గామెనే గదా."

అన్నాక ఆ చిన్న గుంటలు గుర్తొచ్చాయి. అవ్వ చేతులు ఎంత చిన్నవో నీకు తెలుసు. దీపం ముందు కూర్చుని మెల్లగా చెప్పాను: "అవ్వా, ఇగ పిసకకు. డాక్టరమ్మ వద్దన్నది. పిల్ల పానానికి ముప్పు."

మరునాడు పిక్క నున్నగా ఉంది. ఆ తర్వాత గుంట పడలేదు.

వచ్చేవాళ్ల చేత కాసిన్ని జొన్నలు పంపు. మేనత్తకు నా దండాలు చెప్పి, సావిత్రి కోసం ఆమె దీవెన అడుగు. దారి తెరిపించే పూజకు పిల్లను తీసుకుపోతానన్నావు. అందుకైతే రావద్దు సుశీలా. బిడ్డను కనాలో వద్దో, ఎప్పుడో, డాక్టరును అడిగి సావిత్రే చెబుతుంది. అవ్వ నా మాట విన్నది. నువ్వూ విను.

మీ క్షేమం కోరే
అక్క దేవమ్మ