సన్నాకు మొక్క

టమాటా విభాగం, రెండో గది
ఆగస్టు 19, సాయంత్రం

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది. దీవెన మర్యాద కోసం రాశాను. ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావని తెలిస్తే ఒళ్ళు మండిపోతుంది.

నా పదకొండేళ్ళ కష్టాన్ని ఒక్క గుంజు గుంజి పారేశావు కదరా! అడవి టమాటాలో తెగులును తట్టుకునే జన్యువూ, కాయను చేదు చేసే జన్యువూ ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయనీ, ఒకటి వస్తే రెండోదీ వెంటే వస్తుందనీ నీకు వెయ్యిసార్లు చెప్పాను. జత క్రోమోజోములు ముక్కలు మార్చుకునేటప్పుడు సరిగ్గా ఆ రెంటి మధ్యే తెగాలి. లేకపోతే అవి విడిపోవు. సన్నటి ఆకు కూడా ఆ గుంపుతోనే వస్తుంది. ఆ ఒక్క తెగడం కోసం ఆరువేల మొక్కలు పెంచాను. సన్నాకు కనబడ్డ ప్రతి మొక్క పచ్చికాయా కొరికి ఉమ్మాను. ఉంచాల్సినదానికి నేను ఎర్ర దారం కట్టాలి, తక్కినవి నువ్వు పీకెయ్యాలి, అదీ మన ఏర్పాటు. నాలుక మొద్దుబారి కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలిసేది కాదు. పాపం మీ బావ నోరెత్తకుండా తినేవాడు.

చివరికి పదిహేడో వరుసలో ఒక్కటి దొరికింది. సన్నాకే, తెగులు సోకలేదు, కాయలో చేదు లేదు. నిలబడ్డచోటే ఏడ్చేశాను.

విత్తనం ముదరడానికి ఇంకో మూడు వారాలు పట్టేది. ఈలోపే పీకి గుంతలో వేసి కాల్చేశావు! పైగా, ఎర్ర దారం కట్టని సన్నాకు మొక్కల్ని పీకడమే కదా నా పని అని డైరెక్టరు గారి ముందు గొణిగావు. దారం కట్టానని నేను చెప్పాను. నీకు కళ్ళు నెత్తికెక్కాయని కూడా చెప్పాను. ఆయన నిన్ను పనిలోంచి తీసేశారు. తొమ్మిదేళ్ళలో ఒక్క మొక్కయినా తప్పుగా పీకని వాడివి, ఆ రోజే ఏం పోయేకాలం వచ్చింది నీకు? టోపీ బల్లమీద పెట్టి వెళ్ళిపోయావు. దాంతో నాకు ఇంకా మండింది. అరవొచ్చు కదా! నన్నూ నాలుగు తిట్టొచ్చు కదా!

ఇట్లు,
కోపం చల్లారని నీ అక్క

తా.క.: దారం కట్టలేదురా. కడితే పక్కగదిలో పనిచేసే పెద్ద శాస్త్రవేత్త కంటపడుతుందనీ, కొత్త రకం మీద తన పేరు కూడా ఇరికిస్తాడనీ భయం. విత్తనం చేతికొచ్చాకే చెబుదామని దాచాను. నువ్వు నేను నేర్పినట్టే చేశావు. నా మీద నాకున్న కోపమంతా నీ నెత్తిన పోశాను. ఈ ఉత్తరం నకలు డైరెక్టరు గారికి ఇచ్చి వస్తున్నాను, తిట్లతో సహా. రేపటి నుంచి ఇక్కడ నువ్వుండాలో నేనుండాలో ఆయనే చెబుతారు.