తోమిన రాగి రేకులు

విమలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫిలింనగర్‌లో సినిమా బట్టలు కుట్టే యాదగిరిని కూర్చోబెట్టుకుని ఇది రాయిస్తున్నాను. "జర మెల్లగ చెప్పు పెద్దమ్మా" అంటున్నాడు. మెల్లగా చెప్పే ఓపిక నాకెక్కడిది?

పొద్దున నీ పటం ముందు పెడదామని, నువ్వు ల్యాబు నుంచి తెచ్చి దాచుకున్న రాగి రేకులు తీశాను. పోయినవాళ్ల వస్తువులు మురికిగా పెడతామా? నల్లమచ్చలన్నీ పోయేలా చింతపండుతో తోమాను. మధ్యాహ్నం వాటికోసమే వచ్చిన మీ ల్యాబు సారు తల పట్టుకున్నాడు.

"లేజరు తగిలినచోట రాగి ఆవిరై ఎగురుతుందమ్మా. ఆ తోపుకి రేకు వెనక్కి జరుగుతుంది. అంతరిక్ష నౌకల్ని ఇలాగే నడపొచ్చని మీ అమ్మాయి పట్టుబట్టింది. ఎంత రాగి ఎగిరిందో ఆమె రాసిపెట్టలేదు. రేకుల తూకమే చెప్పాలి. మీరు తోమేసరికి ఇంకాస్త రాగి పోయింది, ఇక అదీ చెప్పదు."

"అయితే ఆ లేజరుతో మళ్లీ కొట్టండి! నా ఎదురుగా కొట్టండి!" అని అరిచాను.

"కొడతాం. కానీ అప్పుడది మా పనవుతుంది, ఆమెది కాదు."

రేకు కదిలిన రోజు నువ్వు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి ఆ లెక్క నాకు చెప్పావు. చారు పొంగుతోంది, పక్కకి తప్పుకోమని కసిరాను. ఎంతన్నావే తల్లీ? ఆ ఒక్క అంకె చెప్పవే.