మైనపు మనిషికి మంచి చొక్కా

నగర ప్రదర్శనశాల ప్రధానాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మొదటి గదిలో నిలబెట్టిన మైనపు బొమ్మకు చినిగిన చొక్కా తీసివేసి, మంచి చొక్కా తొడుగుటకు అనుమతి కోరుట.

పాత రేవు వీధిలో బట్టలు కుట్టుకుని బతికే నేను మనవి చేసుకొనునది ఏమనగా (ఈ "ఏమనగా"లు మా పక్కింటి గుమాస్తావి, కోపం నాది):

1. ఇప్పుడు తమ నగరము ఉన్నచోట పూర్వము ముప్పై నలభై ఇళ్ళ చేపల రేవు ఉండెడిది. ప్రభుత్వము వారు కొత్త ఆర్థిక విధానమని ప్రకటించి, ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టువారికి పన్ను లేదని, బయటి దేశాల సొమ్ము రావచ్చునని సెలవిచ్చినారు. సొమ్ము వచ్చినది. దాని వెంట ఓడలు, మేడలు, కోటి మంది జనము వచ్చినారు. సదరు అభివృద్ధిపై నాకు ఫిర్యాదు లేదు. నా కుట్టుమిషను కూడా మొదటి ఫ్యాక్టరీ యూనిఫారాలు కుట్టి కొనుక్కున్నదే.

2. సదరు ప్రగతిని చూపుటకు తమరు కట్టిన ప్రదర్శనశాలకు పోయిన నెలలో వెళ్ళగా, మొదటి గదిలో నా భర్త నిలబడి ఉన్నాడు. మైనముతో చేసినారు. చేతిలో వల. ఒంటిమీద భుజం దగ్గర చినిగి, సగం బొత్తాలు ఊడిన చొక్కా. కింద బోర్డు: "సంస్కరణలకు ముందు ఒక పేద జాలరి." ఒక పంతులమ్మ ఆ చిరుగును పిల్లలకు వేలు పెట్టి చూపిస్తున్నది. పిల్లలు నవ్వారు.

అయ్యా, నేను దర్జీని. నా మొగుడు చినిగిన చొక్కాతో గడప దాటడం ఈ రేవులో ఎవరూ చూసి ఎరగరు. మేము పేదవాళ్ళమే, కాదనను. పేదవాడికి పెళ్ళాం ఉండదా? దాని చేతిలో సూది ఉండదా?

3. తమ బోర్డు అబద్ధము. ఆయన సంస్కరణలకు ముందే ఆగిపోయిన మనిషి కాడు. రేవు పూడ్చాక వల అటకమీద పడేసి, తమ మొదటి మేడకు కాంక్రీటు మోసినాడు. పదకొండో అంతస్తు పరంజా మీదినుంచి పడి చనిపోయినాడు. మేడ ప్రారంభోత్సవము మాత్రం అనుకున్న రోజుకే జరిగినది. చివరి గదిలో ఆ మేడ నమూనాకు రంగురంగుల లైట్లు పెట్టినారు. ఆయన పడిన సంగతి ఏ గదిలోనూ లేదు.

4. మొన్న తెల్లచొక్కా కుట్టి తీసుకెళ్ళాను. మిగిలిన బొత్తాలు విప్పుతుంటే కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, బొమ్మని ముట్టుకోకూడదు."

"బొమ్మ నీకు. నాకు మొగుడు."

అతను తమ సహాయకుణ్ణి పిలిచాడు. చిరుగు ఉంటేనే మనం ఎంత ఎదిగామో చూసేవాళ్ళకు తెలుస్తుందని ఆయన నాకు ఓపిగ్గా నచ్చజెప్పారు. మీరు ఎదిగినట్టు కనబడటానికి నా మొగుడి చొక్కా చింపాలా? సిగ్గుగా లేదా? ఇదే మాట ఆయన్ని అడిగాను. ఇంకోసారి చెయ్యి వేస్తే గేటు దగ్గరే ఆపేస్తామని చెప్పి బయటికి పంపారు.

కావున చొక్కా మార్పించి, ఆయన ఏ పని చేస్తూ పోయాడో బోర్డుపై రాయించవలెనని కోరుచున్నాను. కోపాన్ని మన్నించకపోయినా సరే, మనవిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు (గుమాస్తా రాయమన్నాడు కనుక),
రేవు వీధి దర్జీ

తాజాకలం: బాబూ, ఇది గుమాస్తాకు చూపించకుండా రాస్తున్నా. ముఖం మాత్రం బాగా చేశారు. మేడ పనికి గుత్తేదారు తీయించిన గుర్తింపు కార్డు ఫోటో చూసి చేసి ఉంటారు, అందులోనే ఆయన అలా కళ్ళు చికిలించాడు. మా ఇల్లు కూల్చిన రోజున నా దగ్గరున్న ఫోటోలన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఇన్నేళ్ళకు ఆయన ముఖం మళ్ళీ చూసింది మీ గదిలోనే. చొక్కా మార్చకపోతే మానె. నన్ను మాత్రం లోపలికి రానివ్వు నాయనా.