సన్న పిడి గేలం

అబ్రహాము బాబాయ్,

నువ్వు తెమ్మన్న మడతగేలం, ముక్కలు ఒకదాన్లోకి ఒకటి దూరేది, తెచ్చాను. నీ మంచం కింద, అమ్మ గొడుగుసంచిలో ఉంది. లాగేటప్పుడు ముందు కొస ముక్కను లాగాలట, మూసేటప్పుడు ముందు పిడి దగ్గర ముక్కను మూయాలట. బలవంతంగా తొయ్యకు.

ముక్కలుగా ఊడే వెదురు కర్ర కూడా చూపించారు. అతుకుల దగ్గర ఊగుతోంది, వద్దన్నాను. బెజవాడ షాపులో అంత గట్టిగా మాట్లాడింది నేనేనా అని అమ్మ ఇంకా నవ్వుతోంది. ఇక బస్సులో నీ పొడుగు గేలం చూసి కండక్టరు, "జనం కళ్ళు పొడుస్తావా, దిగవయ్యా" అని నిన్ను హనుమాన్ జంక్షన్‌లో దించెయ్యడులే.

మగవాళ్ళ చేతికి లావు పిడి బాగుంటుందని షాపాయన అన్నాడు. నేను సన్న పిడిదే ఏరుకున్నాను. అది నా చేతికి కూడా సరిపోతుంది. "ఆడపిల్లకి గేలమేంటే" అని పోయినసారి నవ్వావు. నాకు ఏడుపొచ్చింది, నీకు చెప్పలేదు. రేపు కొల్లేటికి నన్ను కూడా తీసుకెళ్ళు బాబాయ్.

మేము గుణదల కొండకి వెళుతున్నాం. పొద్దుగూకేలోపు వస్తాం.

రత్నం

కొల్లేటికి రావడానికి అమ్మ సరేనంది. అరుగు కింద కొబ్బరిచిప్పలో ఉన్నవి వానపాములు, పారబొయ్యకు. నేనే తవ్వాను, గేలానికి నేనే గుచ్చుతాను.